చిన్నప్ప ముక్కుకు పెట్టిన ఆనిక

చిన్నప్ప కోలారు దగ్గరి ఊరిగాం బంగారు గనిలో ముప్పై ఏళ్లు వడ్రంగి. సొరంగం కప్పు కూలకుండా గుంజలు నిలబెట్టడం, ఏ గుంజ ఒరిగినా పక్కనుంచి చెక్క ఆనించి బిగగొట్టడం ఆయన పని. గని మూతపడడానికి ఏడాది ముందు ఒక బండ జారి ఆయన ముక్కును అణగగొట్టింది. గనివాళ్ల ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారమిచ్చే చట్టానికి ఆ ముక్కు కనబడలేదు. భార్య పోయాక, ఎవరూ తన ముఖం చూడకుండా, ఆయన చర్చిలో వెనక బల్లకు మారాడు.

కొన్నేళ్లకు ఒక ఆసుపత్రిలో పక్కటెముక దగ్గరి మృదులాస్థి తీసి ముక్కు నిలబెట్టారు. మూడో నెలలో అది ఎడమకు ఒరిగింది. చిన్నప్ప చేతికి తెలిసిన విద్య ఒకటే. చిన్న చెక్క నునుపుగా చెక్కి, ముక్కుకు ఆనించి, గుడ్డతో బిగించుకున్నాడు. వారానికి చర్మం పుండుపడింది, వంకర పోలేదు. తన ముక్కును తానే పాడుచేసుకున్నానని నమ్మి, మళ్లీ ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు.

ఆరేళ్ల తరువాత, ఊపిరాడక, కోలారులో డాక్టర్ అర్పిత ఎదుట కూర్చున్నప్పుడు కూడా ఆ చెక్క సంగతి లోపలే దాచుకున్నాడు. చెబితే ఆమె కత్తి పట్టదేమోనని భయం. చెప్పకపోతే ఆమె నిలబెట్టే ముక్కూ ఒరుగుతుందేమోనని భయం. చివరికి చెప్పేశాడు.

ఆమె నవ్వలేదు. "చెక్క కట్టినందుకు తోలు పుండైంది, అంతే అప్పా. మృదులాస్థి వంగింది దాని గుణంతో. ముందు చేసినోళ్లు దాని పైపొర ఒకపక్కే చెక్కినట్లుండారు, రెండో పక్క లాగేసింది."

"ఎండేకొద్దీ వంగే పచ్చి కట్టె మాదిరినా, డాక్టరమ్మా?"

"ఆ మాదిరే."

ఈసారి మృదులాస్థి నడిమి భాగమే తీసుకుంటామనీ, రెండు వైపులా సమంగా చెక్కి, సెలైన్‌లో అరగంట ఉంచి, ఎటు వంగుతుందో చూసి సరిచేశాకే కుడతామనీ వివరించింది.

"ఆ అరగంట కాచుకుంటారు గదామ్మా? గనిలో మాకు కాచుకొనేదానికి టైము ఇచ్చేవాళ్లు కాదు. పచ్చి కట్టెనే దించినాము."

"గడియారం చూసి కాచుకుంటాను."

కాచుకుంది. కుట్లు విప్పిన రోజు, వంకర ఏమైనా తేలుతుందేమో ఇంట్లోవాళ్లను రోజూ చూడమని చెప్పమంది. చూసేవాళ్లు ఎవరూ లేరన్నాడు. అయితే నెలనెలా తానే చూస్తానంది. ఏడాది పాటు ఆయన తల దువ్వుకొని, ఉతికిన చొక్కా వేసుకొని బస్సెక్కాడు. ఆమె గడ్డం పట్టి ముఖాన్ని వెలుతురుకు తిప్పి, ముందునుంచి, పైనుంచి చూసేది.

పన్నెండో నెల, "నేరుగా ఉండాదప్పా. ఇంగ రావాల్సిన పనిలేదు" అంది.

"పోయిన నెలకన్నా రవ్వంత ఎడమకి ఉన్నట్లు లేదా, అమ్మా?"

ఆమె మళ్లీ వెలుతురుకు తిప్పి, ఈసారి చాలాసేపు చూసింది. లేదంది.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్నవాళ్లెవరూ ఆయన ముఖం వైపు రెండోసారి చూడలేదు.