పరీక్ష తప్పిన పెన్‌డ్రైవు

"అది గబగబా రాసుకుంటే మీకేంటి, మెల్లగా రాసుకుంటే మీకేంటి? మీరేమన్నా దానిమీదెక్కి ఊరేగుతారా?" అని అత్త ఒకసారి మామయ్యని మొహం మీదే అడిగేసింది.

మామయ్య చేతిగడియారం మీంచి చూపు తిప్పలేదు. "ఉండవే, ఇప్పుడే నీరసపడుతోంది," అన్నాడు. నీరసపడుతున్నది అత్త కాదు, పెన్‌డ్రైవు.

లోకంలో పెన్‌డ్రైవు కొన్నవాళ్ళు దాన్ని వాడతారు. మామయ్య పరీక్షిస్తాడు. ఉద్యోగమంతా లిఫ్టుల తనిఖీలో గడిపిన మనిషి, వాటిలో బిగించిన రేకు మీద చెక్కిన వేగాన్ని ఏనాడూ నమ్మలేదు. రిటైరయ్యాక లిఫ్టులు దొరక్క, ఆ అనుమానాన్నంతా పెన్‌డ్రైవుల మీదికి మళ్ళించాడు.

"పెట్టె మీద వేగమెంతో ఎవడైనా రాస్తాడు. చదవడమంటే మెట్లు దిగడం, ముసలాడైనా దిగుతాడు. రాయడమంటే బస్తా మోస్తూ ఎక్కడం. మొదటి నిమిషం అన్నీ పరిగెడతాయి, కొత్త అల్లుడి వినయంలాగ. అసలు రంగు తర్వాత బయటపడుతుంది."

మనుషుల్నీ ఇదే తూకంలో వేసేవాడు. వీధి చివరి దర్జీ గురించి, "వాడికి చదివే వేగం బ్రహ్మాండం, రాసే వేగమే సున్నా," అనేవాడు. అంటే కొలతలు చకచకా తీసుకుంటాడు, బట్టలు మాత్రం ఇవ్వడు.

ఈ పిచ్చికి మొదట బలైంది మేనకోడలు. యూనివర్సిటీ దగ్గరని వాళ్ళింట్లోనే ఉండి, కప్పల అరుపుల మీద పరిశోధన చేస్తోంది. వానాకాలాలన్నీ బురదలో కూర్చుని రికార్డు చేసిన అరుపులు ఆమె లాప్‌టాప్‌లో ఉన్నాయి. మామయ్య కంప్యూటరు తాతల కాలంది. దానితో కొలిస్తే పెన్‌డ్రైవుకి అన్యాయం చేసినట్టేనని ఆయన ఆమె లాప్‌టాప్‌ మీద పడ్డాడు. పరీక్షకి ఎక్కించే బరువు కూడా ఆమె కప్పలే.

"ఖాళీ ఫైలుతో చేసుకోవచ్చుగా మామయ్యా!"

"ఖాళీ లిఫ్టుని ఎవడైనా పైకి పంపిస్తాడమ్మా. లోపల మనుషులుండాలి."

"ఉన్నవి కప్పలు."

"అవీ ప్రాణాలేగా!"

పోనీ పరీక్షయ్యాక చెరిపేవాడా అంటే అదీ లేదు. "చోటు బోలెడుంది, ఉండనీ," అంటూ, వీధిలోవాళ్ళ దగ్గర పరీక్షకని పట్టుకొచ్చిన పెన్‌డ్రైవుల్ని కప్పలతో సహా ఎవరిది వాళ్ళకి అప్పగించేవాడు. దంతవైద్యుడు రోగులు కూర్చునే గదిలో తన పెన్‌డ్రైవులోంచి సన్నగా వేణువు పాట పెట్టుకుంటే, వేణువు ఆగీ ఆగగానే బెకబెకలు మొదలు. అది చాలదన్నట్టు నెల తిరక్కుండానే "నీరసించిందేమో చూద్దాం" అని అందరి దగ్గరా వెనక్కి పట్టుకొచ్చి మళ్ళీ పరీక్ష. వీధిలో ఆయన ఎదురైతే జనం జేబులు పట్టుకునేవాళ్ళు.

మేనకోడలు ఓసారి బుద్ధిగా కాపీ పెట్టుకుందామని సొంతంగా ఓ పెన్‌డ్రైవు కొనుక్కుంది. మామయ్య దానికీ పరీక్ష పెట్టాడు. "చదువు పర్లేదు. రాత మరీ నత్త," అని కొట్టువాడికి తిరిగిచ్చేసి వచ్చాడు. ఇంకోటి కొనడం రేపు, ఎల్లుండి అంటూ వాయిదాల్లో పడింది. ముందుచూపు గురించి ఉపన్యాసాలు దంచే చదువుకున్నవాళ్ళందరూ చేసేది ఇదే.

థీసిస్ ఇవ్వాల్సిన వారంలోనే టీ కప్పు లాప్‌టాప్‌ మీద ఒరిగింది. బాగుచేసేవాడు విప్పి చూసి, మళ్ళీ మెల్లగా మూసేశాడు. "లోపల ఏమీ మిగల్లేదండీ."

ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చి అరిచింది. "అంతా నీవల్లే! నా పెన్‌డ్రైవు నువ్వు తిప్పి ఇవ్వకపోతే నా కప్పలు నాకుండేవి. నత్తయితేనేం, మోసేదిగా!"

మామయ్య చెప్పులేసుకున్నాడు. "పద."

కప్పలున్న పెన్‌డ్రైవు అడగ్గానే దర్జీ నాలిక్కరుచుకున్నాడు. "ఆ గోల ఎవడు పడతాడు సార్? మొన్ననే తీసేశా." పక్కవాటా టీచరమ్మ నొచ్చుకుంది. "ప్రశ్నపత్రాలకి చోటు చాలక చెరిపేశాను అన్నయ్యగారూ." ఇక మిగిలింది దంతవైద్యుడు.

తలుపు తియ్యగానే బెకబెక.

మేనకోడలు గడపలోనే ఆగిపోయింది. ఆ గొంతు ఆమెకి తెలుసు. పోయిన వానాకాలం చిట్టచివర, జ్వరంతో వెళ్ళి పట్టుకొచ్చిన అరుపు అది.

"చెరిపేద్దామనే అనుకున్నానమ్మా," అన్నాడు దంతవైద్యుడు. "మీ మామయ్య చెరపనిస్తేనా! నెల నెలా వచ్చి నోరు తెరుచుకుని కూర్చుంటాడు. ఆ పళ్ళు నా పళ్ళకంటే గట్టివి! వెళ్ళేముందు 'పిల్ల కొత్త కప్పల్ని తెచ్చింది, ఎక్కించి తెస్తా' అని దీన్ని పట్టుకుపోతాడు. పైగా ఇప్పుడివి లేకపోతే రోగులే ఊరుకోరు. నవ్వులో నవ్వుగా పన్ను పీకేస్తున్నా."

బయటికొచ్చాక ఆమె అడిగింది. "ఇన్నాళ్ళూ నాకు చెప్పొచ్చుగా మామయ్యా?"

"కాపీ పెట్టుకోవే అని ఎన్నిసార్లు మొత్తుకోలేదు! నీకు చదివే వేగం బానే ఉందమ్మా. బుర్రలోకి రాసుకోవడం దగ్గరే..." అని ఆగి నవ్వాడు. "అన్నీ ఒకే ఇంట్లో పెడితే ఒక్క టీ కప్పు చాలు. అందుకే ఊళ్ళో పంచాను."

"మరి నా పెన్‌డ్రైవుని ఎందుకు తిప్పిచ్చావ్?"

"అది నిజంగానే నత్తే!"

దంతవైద్యుడు ఆ పెన్‌డ్రైవు ఇచ్చింది ఒక్క షరతు మీద, అలాంటిదే కొత్తది కొనిపెట్టాలని. మామయ్య సరేనన్నాడు. మేనకోడలికి పట్టా వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. కొట్లో ఉన్నవాటిలో మాత్రం ఒక్కటీ పరీక్ష నెగ్గలేదు. "పోనీ డబ్బే ఇచ్చెయ్యండి," అని దంతవైద్యుడంటే, "ఇస్తే మీరెళ్ళి ఏ నత్తనో కొంటారు," అంటాడు.

ఆ డబ్బు ఇంకా బాకీయే.