పిన్ని బొట్టు పిలుపులు

మా వీధిలో పెళ్లి పిలుపులంటే మా పిన్నే. కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరితే కాగితం ముక్క కూడా లేకుండా వీధి వీధంతా వరసగా పిలిచి వచ్చేది. ఒక్క గడప తప్పినా, మమ్మల్ని మనుషుల్లో లెక్కేయలేదని ఏళ్ల తరబడి ముఖం తిప్పుకునే ఊరు మాది. నిరుడు శావల్యాపురం దారిలో బండి మీద నుంచి పడి ఆమె నుదుటికి గట్టి దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది కానీ, ఎవరెవరిని పిలవాలో చెప్పమంటే నాలుగిళ్లు చెప్పి ఆగిపోయేది.

నరసరావుపేట డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. నుదుటి వెనకున్న మెదడు భాగం కొత్త సంగతుల్ని ఒక వరసలో పెట్టి దాచడానికి, కావలసినప్పుడు వెతికి తీయడానికి సాయపడుతుందట. పాత జ్ఞాపకాలు పోలేదు, వెతకడం కష్టమైంది. కొత్తవి నిలవడానికీ టైం పడుతుంది, పరీక్షలు మాత్రం పెట్టొద్దు అన్నాడు. వింటేగా మేము? చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ మంచం పక్కన నిలబడి, నేనెవరో చెప్పుకో అనేవాళ్లే. అందరికంటే పెద్ద పంతులమ్మను నేను. ఆమె తడబడితే నాకు కోపం వచ్చేది, కోప్పడినందుకు తర్వాత ఏడుపొచ్చేది.

ఈ వేసవిలో ఆమె కూతురికి పెళ్లి కుదిరింది. పిలుపులకు ఇంకెవరినైనా పంపుదామని ఇంట్లో అనుకోవడం విని పిన్ని ఆ పూట అన్నం ముట్టలేదు. సొంత బిడ్డ పెళ్లికి కూడా పిలవలేనిదాన్నయ్యానా అని కుమిలిపోయింది. నాకు మనసు ఆగక, ఫోనులో జాబితా రాసుకుని ఆమె వెంట నడిచాను. ఇంట్లో కూర్చుని చెప్పలేని పేర్లు, గడప ముందు నిలబడగానే వాటంతటవే వచ్చాయి. ఏ ఇంటి కోడలు పురిటికి వెళ్లిందో, ఎవరికి రెండోసారి గుర్తుచేయాలో తనే నాకు చెప్పింది.

వీధి చివర నా జాబితా అయిపోయింది. పిన్ని మాత్రం పక్కనున్న రేకుల ఇంటి మెట్లెక్కింది. అందులో నిరుడు అద్దెకొచ్చినవాళ్లు ఉంటున్నారు. పొరబడిందనుకుని చెయ్యి పట్టుకుని, ఆ ఇల్లు జాబితాలో లేదన్నాను.

"పేరు నోటికి రావట్లేదే. నేను పడ్డకాడ్నించి రోజూ మధ్యానం వచ్చి నాకాడ కూర్చుంటది. ఈమెను పిలవకపోతే ఎట్టా?"

లోపలి నుంచి ఒకామె తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, పిన్నిని చూసి మురిసిపోయి, బొట్టుకు నుదురు వంచింది. పేరు అందిద్దామని నోరు తెరిచాను. ఇన్ని నెలలుగా పిన్ని ఇంటికి వచ్చిపోతూ, ఆమె దగ్గర కూర్చునే మనిషి ఎవరని నేనొక్కసారీ అడగలేదు.