పరాయి వీపులు

ఎనభైల మొదట్లో నా భార్య ఉద్యోగం మీద మేం న్యూజెర్సీ వచ్చాం. ఆమె ఫిజియోథెరపిస్టు. అప్పట్లో ఆ చదువుకు ఇక్కడ మంచి గిరాకీ. ఇంజనీరునైన నేను ఆమె వీసాకు తోకలా వచ్చి, పని చేసే అనుమతి లేక పిస్కాటవేలో ఒక అపార్ట్‌మెంట్‌లో కూర్చున్నాను. పొద్దున ఆమెను క్లినిక్‌లో దింపడం, సాయంత్రం తీసుకురావడం, అదే నా ఉద్యోగం.

ఒకరోజు తొందరగా వెళ్లాను. లోపల వరసగా బల్లలు, వాటి మధ్య తెరలు. ఒక తెర సగం తీసి ఉంది. బల్ల మీద ఒక భారీ మనిషి చొక్కా లేకుండా బోర్లా పడుకున్నాడు. గుండె ఆపరేషనై నెలలు గడిచినా ఛాతీ బిగుసుకుపోయి నిండుగా ఊపిరి అందడం లేదట. నా భార్య రెండు బొటనవేళ్లూ ఆనించి, అతని వెన్నుపూసల్ని ఒక్కొక్కటిగా నొక్కి చూస్తూ కిందికి వస్తోంది. ఒకచోట ఆగి, పక్కటెముకల మీద అరచెయ్యి పరిచింది.

"బ్రీత్ ఇన్... నౌ లెట్ ఇట్ గో."

అతను ఊపిరి వదులుతుంటే ఆ చెయ్యి కూడా దానితోపాటే మెల్లగా దిగింది. అతనేదో అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇంటికి చేరేసరికి ఏ రోజూ మిగిలేది కాదు.

కారెక్కగానే అడిగాను. "ఎవరాయన?"

"పేషెంటండీ."

"బాగా నవ్విస్తాడే!"

"ఊపిరందని మనిషి ఓపిక చేసుకుని జోకేస్తే నవ్వనా మరి?"

సమాధానం సబబుగానే ఉంది. నాకు మాత్రం అన్నం సయించలేదు.

ఆ చలికాలం కారు మీద మంచు గీకుతూ జారి, పేవ్‌మెంట్ అంచు మీద వెల్లకిలా పడ్డాను. ఎక్స్‌రేలో ఎముకేమీ విరగలేదు. కానీ తుమ్మితే ప్రాణం పోయేది. కారు రివర్స్ చేయాలంటే వెనక్కి తిరగలేకపోయేవాణ్ణి. నొప్పి నొప్పే, లోపల మాత్రం చిన్న సంతోషం. ఇక నా వంతు వచ్చిందనుకున్నాను.

"మా కలీగ్ దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేశాను," అంది ఆమె.

"నువ్వుండగా ఆవిడెందుకు? ఊళ్లో వాళ్ల వీపులన్నిటికీ తీరికుంది, నా ఒక్కడి వీపుకే లేదా?"

"నేను చెయ్యను. వద్దంటే వద్దండీ."

ఆ కలీగ్ నెరిసిన జుట్టు అమెరికన్ ఆవిడ. నన్ను బల్ల అంచున కూర్చోబెట్టి, చేతులు భుజాల మీద కత్తెరలా వేయించి, రెండు పక్కలకూ తిరగమంది. ఎడమకు సగంలోనే పట్టేసింది. ఛాతీ చుట్టూ టేపు పెట్టి, ఊపిరి నిండా పీల్చినప్పుడు ఒకసారి, పూర్తిగా వదిలాక ఒకసారి కొలిచింది. తరవాత బోర్లా పడుకోబెట్టింది. ఆవిడ వేళ్లు వీపు మధ్యలో ఒక ఎముక దగ్గరకు రాగానే ఎగిరిపడ్డాను.

అప్పుడే తెర అవతల నుంచి నా భార్య గొంతు, ఆ భారీ మనిషి నవ్వు వినిపించాయి.

"బ్రీత్ ఇన్," అంది నా భార్య అవతల. పీల్చాను. "లెట్ ఇట్ గో." వదిలేశాను.

నా వీపు మీది చెయ్యి ఆగిపోయింది. "నేనింకా చెప్పలేదు కదా," అంది కలీగ్.

సిగ్గేసింది. అయినా ఆ తెర వైపు నుంచి చెవి మరల్చలేకపోయాను. ఆమె ఎవరికో చెప్పిన ఊపిరిని నేను దొంగతనంగా పీలుస్తున్నాను.

తిరిగి వస్తుంటే ఇక ఆగలేక అడిగేశాను. "నాకెందుకు చెయ్యనన్నావు?"

"బిగిసిన చోట నొప్పెట్టినా కొంచెం నొక్కి పట్టుకోవాలి. వాళ్లు అబ్బా అంటే ఎంతవరకు ఓర్చుకోగలరో చూసుకుంటాను. మీరు అబ్బా అంటే నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. ఇంక నయమెలా అవుతుంది?"

ఏ మొగుడైనా ఆ మాటకు పొంగిపోవాలి. నేనూ పొంగాను, కాసేపే. ఎంత ఏడ్చినా తియ్యని ఆ చెయ్యి వాళ్లకు దక్కుతోందే అన్న దుగ్ధ మాత్రం పోలేదు.

చలి తగ్గేనాటికి వెనక్కి తిరిగి చూస్తూ కారు తియ్యగలిగాను. వేసవిలో ఆ భారీ మనిషికీ వైద్యం పూర్తయింది. వెళ్తూ వెళ్తూ తన పెరట్లో కాసిన టమాటాలు ఆమెకొక సంచీడు ఇచ్చాడు. వాటితో నేనే పప్పు చేశాను. ఆమె మారు వడ్డించుకుని తింటూ, "టమాటాలు ఎంత బావున్నాయో!" అంది.

"పప్పు చేసింది నేను," అన్నాను.