మునికుమార్ కాగితపు మనుషులు

తిరుపతిలో ఈ ఇంటి మేడమీదకి అద్దెకు వచ్చిన నెలలోపే కింద వీధిగదిలో ఉండే మనిషి మీద నాకు అనుమానం మొదలైంది. పేరు మునికుమార్. నలభై ఐదేళ్లుంటాయి. గదికి బోర్డు లేదు. పొద్దున తొమ్మిదికి తలుపు తీస్తాడు. పది దాటేసరికి కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. చేతుల్లో పాత దుప్పటి కప్పిన పెద్ద అట్టపెట్టెలు. లోపలికి పోయేటప్పుడూ దుప్పటి తీయరు, బయటికి వచ్చేటప్పుడూ తీయరు.

ఇంటి ఓనరు వరదమ్మగారు పక్క వాటాలోనే ఉంటుంది. అడిగాను.

"ఆర్కిటెక్చరు సదివే పిల్లోళ్లు మా. వాళ్ల పరీచ్చకు ఇంటి బొమ్మలు కావల్లంట. ఈయన చేసిస్తాడు. ఎవురి జోలికీ పోడు," అంది.

ఆ మాటతో అనుమానం తగ్గకపోగా దానికి ఒక రూపం వచ్చింది. ఆ చదువులో పిల్లలు ప్రతి ఆరు నెలలకూ ఒక భవనాన్ని తామే ఊహించి, గీసి, చిన్న మోడల్ చేసి, పరీక్షించేవాళ్ల ముందు నిలబడి వివరించాలి. జ్యూరీ అంటారు దాన్ని. మరి పిల్లలు తమ చేత్తో చేయాల్సిన పని ఈయన చేస్తున్నాడంటే, దుప్పటి ఎందుకో అర్థమైనట్టే కదా అనుకున్నాను. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. పక్కవాళ్ల ల్యాబ్ రికార్డులోంచి అంకెలు ఎక్కించుకునేవాళ్లను ఎందరినో చూశాను.

తర్వాత వాసన. మధ్యాహ్నం పూట మెట్ల మీదుగా తియ్యగా, కొంచెం మత్తుగా పైకి వచ్చేది. క్లోరోఫాం. ఏళ్లు గడిచినా ఆ వాసన విషయంలో నేను పొరపడను. అక్రిలిక్ రేకులు అతికించడానికి వాడతారని ఫోన్లో చదివి తెలుసుకున్నాను. తెలిసినా ధైర్యం రాలేదు. వెలుతురూ గాలీ తగిలితే అది ఎంత విషంగా మారుతుందో కూడా నాకు తెలుసు. మెట్ల వైపు కిటికీలు మూసేశాను. మా కోమలికి మూడేళ్లు. మా ఆయన పనికి పొద్దున చిత్తూరు బస్సెక్కితే, సాయంత్రం దాకా ఇంట్లో దాన్ని చూసుకునేది నేనొక్కదాన్నే.

ఒక బుధవారం నేను మిద్దె మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి కోమలి కింద నుంచి ఎక్కి వస్తోంది. వరదమ్మగారి దగ్గరికి పోయి ఉంటుందనుకున్నాను. అది నేరుగా గోడకు వీపు ఆనించి నిలబడి, నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా, మునన్న నన్ను ఇట్ల నిలబెట్టి కొలిచినాడు. చెయ్యి కూడా కొలిచినాడు. పీట ఎక్కమన్నాడు."

"ఎందుకు?"

"నా బొమ్మ చేస్తాడంట."

క్లోరోఫాం ఉన్న గది, ముక్కూ ముఖం తెలియని మనిషి, నా బిడ్డ కొలతలు. దాన్ని చంకన వేసుకుని నేరుగా వరదమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆమె నా మాట పూర్తిగా విని, చేటలో ఏరుతున్న బియ్యం పక్కన పెట్టింది.

"ఆడబిడ్డను కొలిసేదేంది? ఇప్పుడే కాళీ చెయ్యమంటా," అని లేచింది. రెండడుగులు వేసి ఆగింది. "ఒక మాట మా. పన్నెండేండ్లుగా ఈడే ఉండాడు. ఈ వారం జ్యూరీ అంట, పిల్లోళ్ల బొమ్మలన్నీ లోపలే ఉండాయి. ఇప్పుడు ఎల్లగొడితే మళ్లా ఈ ఊర్లో ఎవురూ రూము ఇయ్యరు. నువ్వు సదువుకున్నదానివి, వచ్చి కండ్లారా సూడు. నువ్వు పొమ్మంటే పోతాడు, ఉండనీమంటే ఉంటాడు. నీ మాటే."

అంత బరువు నామీద పెడుతుందని అనుకోలేదు. అయినా వెళ్లాను.

తలుపు తీసే ఉంది. ద్వారబంధం మీద పెన్సిలుతో ఒక గీత, పక్కన "కోమలి 93" అని రాసి ఉంది. ఆ అక్షరాలు చూడగానే వెనక్కి తిరిగి "పంపించేయండి" అనబోయాను. లోపల మాటలు వినబడి ఆగాను.

బల్లమీద పైకప్పు లేని చిన్న భవనం ఉంది, అట్టతో చేసింది. అటువైపు ఒక అమ్మాయి, ఇటువైపు మునికుమార్. ఆయన చేతిలో చీపురు పుల్ల, దాని కొనకు అంటించిన కాగితపు ఆడమనిషి. దాన్ని భవనం వాకిట్లోకి నడిపిస్తున్నాడు.

"ఇదిగో, తల్లి వచ్చింది. ఒక చంకలో బిడ్డ, నెత్తిమీద టమాటా గంప. గంప యాడ దించుతుంది?"

ఆ అమ్మాయి బొమ్మలో అటూ ఇటూ వెతికింది. "లోపల... బెంచీ ఉంది కదన్నా."

"తలుపు ఇంత సన్నం పెట్టినావే, గంపతో ఎట్ల దూరుతుంది? గంప మోసుకోనే పాలిచ్చి పొమ్మంటావా ఏంది, ఆర్కిటెక్టమ్మా?"

"అబ్బా, అన్నా! ఇది ఐదోసారి!"

"ఆరోసారి కూడా పంపిస్తా. నాకేమన్నా తొందరా?"

అప్పుడు మమ్మల్ని చూశాడు. వరదమ్మగారు గడపలోంచే అడిగేసింది. "ఏమప్పా, ఈమె బిడ్డను ఎందుకు కొలిసినావు?"

ఆయన నిదానంగా ఒక రేకు డబ్బా తెరిచి బల్లమీద వంచాడు. కాగితపు మనుషులు. కర్ర పట్టుకున్న ముసలాయన, కావడి మోసే మనిషి, నిండు గర్భిణి. వాళ్లలో రెండు జడల పాప ఒకటి, రెండు సెంటీమీటర్లు కూడా లేదు.

బల్లకు అటువైపున్న అమ్మాయిని చూపించాడు. "ఈమె పేరు పవిత్ర. పలమనేరు పిల్ల. ఆడ కూరగాయల మార్కెట్టులో పని చేసే ఆడోళ్లు బిడ్డల్ని వదిలిపెట్టేదానికి ఒక ఇల్లు గీస్తా ఉండాది. పెద్దోళ్ల బొమ్మలు నా కాడ ఉండాయి. మూడేండ్ల బిడ్డది లేదు. మీ పాప కొలతకు ఇప్పుడే కత్తిరించినా," అన్నాడు.

బల్లమీది స్కేలు తీసుకుని ఆ బొమ్మను కొలిచాను. మోడల్ ఒకటికి యాభై అని, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతని, అట్టమీద రాసి ఉంది. తొంభై మూడును యాభైతో భాగిస్తే ఒకటీ పాయింట్ ఎనిమిది ఆరు. సరిపోయింది. లెక్క సరిపోయినంత మాత్రాన మనిషిని నమ్మాలా?

"నన్ను అడగాలని తోచలేదా మీకు?"

"తోచలేదక్కా. మేము సెంట్రింగు పనోళ్లం. కాంక్రీటు పోసే ముందు పలకలు కొట్టేటప్పుడు ఎదురుగా ఎవురుంటే వాళ్లను పిలిచి కింద నిలబెడతాము, నెత్తికి తగల్తాదా లేదా అని. ఎవురినీ అడిగేది లేదు, రమ్మంటే వచ్చి నిలబడతారు. అదే అలవాటులో పాపను నిలబెట్టేసినా. తప్పు నాదే."

ఆయన నాయన చెంగయ్య పాకాలలో వడ్రంగి. మునికుమార్ పదో తరగతితో ఆపేసి, చిత్తూరులో పదిహేనేళ్లు స్లాబులకూ మెట్లకూ పలకలు కొట్టాడు. ఒక ఇంట్లో మెట్ల మలుపు ఇరుకుగా ఉందని చెప్పాడట. కాగితంలో ఉన్నట్టు కొట్టు, నీకెందుకు అన్నారట. కొట్టాడు. కొన్నేళ్లకు ఆ ఇంటి పెద్దాయన మూడో అంతస్తులో చనిపోయాడు. పాడె ఆ మలుపు దగ్గర తిరగలేదు. చివరికి శవాన్ని చాపలో చుట్టి, వీధంతా చూస్తుండగా బాల్కనీలోంచి తాళ్లతో దించారు.

"తాడు పట్టినోళ్లలో నేనూ ఉండా అక్కా. వాళ్ల కొడుకు నా మొకం సూసినాడు, ఏమీ అనలా. మళ్లా పలక పట్టలేకపోయినా."

ఆ తర్వాతే తిరుపతి వచ్చి ఈ మోడళ్ల పని పెట్టుకున్నాడు. కాగితపు మనిషి వాకిలి నుంచి చివరి గది దాకా తట్టుకోకుండా నడిస్తేనే ఆయన పని మొదలుపెడతాడు.

ఇంత కథ ఎవరైనా చెప్పగలరు. పవిత్ర వైపు తిరిగాను. "ఇది ఎవరు చేశారు?"

ఆ అమ్మాయి చేతులు చాపింది. మూడు వేళ్లకు బ్యాండ్ ఎయిడ్‌లు, మిగతావాటికి బ్లేడు గీతలు. "కింద నేల, చుట్టూ మార్కెట్టు షెడ్లు అన్న చేసిస్తాడు. బిల్డింగు మొత్తం నేనే. అన్న దాన్ని ముట్టుకోడు మేడం. దుమ్ము పడితే కూడా నన్నే తుడుచుకోమంటాడు. దుప్పటి కూడా దానికే."

భవనంలోకి వంగి చూశాను. పిల్లల గదిలో కిటికీ కింద పొడుగాటి అరుగు ఉంది.

"ఇది ఎంత ఎత్తు?"

"నలభై సెంటీమీటర్లు. పిల్లలు కూర్చునేదానికి."

"కిటికీకి కడ్డీలు లేవు. మా పాప అర నిమిషంలో ఎక్కి అవతల పడుతుంది."

"అదే కదా నేను మొత్తుకునేది!" అన్నాడు మునికుమార్. "అందుకే పాపను పీట ఎక్కమనింది. ఆ పీట కూడా నలభయ్యే. టక్కున ఎక్కేసింది. చెప్తే ఇనలేదు ఈ పిల్ల."

"ఒక్క పాపను చూసి ఎలా చెబుతారు? అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల ఎత్తులు రాస్తారు. వాళ్లను అడిగి పాతికమందివైనా తీసుకోండి," అన్నాను. కోపంగానే అన్నాను. పవిత్ర మాత్రం పుస్తకం తీసి రాసుకుంది.

అప్పుడు కనబడింది. గదిలో వీధి కిటికీ పక్క కింది అరలో, కోమలి చేతికి అందే ఎత్తులో, మంచినీళ్ల బాటిల్. మూత తీయకముందే వాసన తెలిసింది.

"ఇది నీళ్ల సీసాలో పోశారా?"

"అతికించే మందక్కా. పెద్ద సీసాలోంచి వంచుకుంటే సులువని..."

"పిల్లలు నీళ్లనుకుని తాగితే?"

ఆయన నా చేతిలోంచి ఆ బాటిల్ తీసుకుని పై అరలో పెట్టాడు.

వరదమ్మగారు నా మోచేయి తాకింది. "ఏం చెప్పమంటావు మా? పొమ్మనేదా?"

పవిత్ర తన బొమ్మకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని నా నోటివైపు చూస్తోంది. పొమ్మంటే నాకు ఈ రోజుకు నిశ్చింత. కానీ ఆ అరుగు సంగతి కాలేజీలో ఎవరు పట్టించుకుంటారు? ఈయనొక్కడే కదా ఐదుసార్లు వెనక్కి పంపింది.

"ఉండనీండి," అన్నాను. "కానీ ఈ మందు గోధుమరంగు సీసాలో, పై అరలో తాళం వేసి ఉండాలి. వాడేటప్పుడు వీధి కిటికీ తెరవాలి. ఇంకెప్పుడూ ఏ బిడ్డనూ తల్లిని అడక్కుండా ముట్టుకోకూడదు. ఆ పేరు ఇప్పుడే చెరిపేయాలి."

"అట్లే అక్కా."

ఆయన బ్లేడు తీసుకుని ద్వారబంధం మీద గీకాడు. ఒక్క అక్షరం కూడా కనబడకుండా పోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

ఇది జరిగి ఎనిమిది నెలలు. పవిత్ర ఆ జ్యూరీ దాటింది, అరుగును కిటికీ దగ్గర నుంచి జరిపిందట. మునికుమార్ కింద గదిలోనే ఉన్నాడు. మందు పై అరలో ఉందో లేదో వారానికోసారి పోయి చూస్తాను. నా అనుమానం పూర్తిగా పోయిందని చెప్పను. ఆయనకూ ఆ సంగతి తెలుసు. కోమలి మెట్లమీద కాలు పెట్టగానే ఆయన పని ఆపి గది బయటికి వస్తాడు, వీధిలో అందరికీ వినబడేలా కేకేస్తాడు.

"అక్కా, పాప దిగతా ఉండాది!"

నేను మెట్ల పైన కనబడేదాకా లోపలికి పోడు.