బోనమెత్తుకుని తూముకు అడ్డంగా

చెరువు తూము లేపబోతున్నారన్న కబురు నాకు మొదట చెప్పింది ఊళ్లో ఉండే మా తోటికోడలు. మెదక్‌లో మా ఇంట్లో పూజ ముగించి హారతి కళ్లకద్దుకుంటుంటే ఫోన్ చేసింది.

"అక్కా, నిండిన చెర్వును కాలువల ఇడుస్తరంట! తుఫాను వస్తదని చెర్వుల ఆఫీసు ఇంజనీరమ్మ ఫోన్ల చూసి చెప్పిందంట."

మా పొలం హవేలిఘనపూర్ దిక్కున, ఆ చెరువు కిందే ఉంది. పోయిన యాసంగిలో, అంటే రబీలో, చెరువెండి పొలమంతా బీడు పడింది. ఈసారి మత్తడి దూకడానికి, అంటే చెరువు నిండి అలుగు పారడానికి, ఒక్క మెట్టే తక్కువ. అది దూకిన రోజు బోనం పెడతానని కట్టమైసమ్మకు మొక్కుకున్నాను కూడా. ఇప్పుడు ఉన్న నీళ్లు వదిలేస్తే యాసంగి నాటు సంగతేమిటి?

పైగా వానల విషయంలో ఊళ్లో నాకో పేరుంది. నేను బడి మెట్లెక్కలేదు. నాన్నే ఇంట్లో అక్షరాలు దిద్దించి, పంచాంగం చదవడం నేర్పాడు. ఆ చదువుకు రోజూ ఆయనకు దండం పెట్టుకుంటాను. దాంతో నేను వెలగబెట్టినదానికి మాత్రం ఆయన బాధ్యుడు కాడు. ఉత్తర కార్తెలో ఇక వానల్లేవని నేను అప్పటికే అందరికీ చెప్పేసి ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే బోనం వండుకుని ఊరికి పోయాను. బోనమెత్తిన ఆడమనిషిని ఎవరూ ముట్టుకోరు, పక్కకు జరగమనరు. అమ్మవారి మీది ఆ భయభక్తుల్ని అడ్డుకర్రగా వాడుకోవచ్చన్న గొప్ప ఆలోచన నాదే. కుండ నెత్తిన పెట్టుకుని సరాసరి తూము చక్రానికి అడ్డంగా నిలబడ్డాను.

చక్రం దగ్గర నీరటి ఉన్నాడు. చెరువు నీళ్లు వదలడం, ఆపడం తరతరాలుగా వాళ్లింటి పని. వరసకు మామ అని పిలుస్తాను.

"ఏం బిడ్డా, మైసమ్మ గటుంటే బోనం గిటు తెచ్చినవ్?"

"నీళ్లు ఇడవకు మామా. పంచాంగంల వాన లేదు."

"ఇంజనీరమ్మ ఫోన్ల ఉన్నది. ఎనకట 'అక్కడక్కడ పడొచ్చు' అని ఊకుంటుండిరి. ఇప్పుడు ఏ దినం, ఏ దిక్కు, ఎంత పడ్తదో చెప్తున్నరు. రెండుపార్లు కట్ట మీద నిలబడి చూసిన, చెప్పినట్టే పడ్డది. గంత వరద ఒక్కపారే వస్తే కట్ట తెగుతది. తెగితే కింద ఇండ్లు పోతయి, నీ యాసంగి నీళ్లు గూడ పోతయి. ముందుగాల చెర్వుల జర జాగ చేసి పెడదాం."

"మళ్ల నిండకపోతే?"

ఆయన మొలకు కట్టుకున్న తాళంచెవి తీసి చూపించాడు. "తూము తాళంచెవి నీ చేతుల పెట్టి పోత. మా ఇంట్ల ఇంకెవ్వడు దీన్ని ముట్టడు."

"యాది పెట్టుకో మామా!" అన్నాను, కట్ట మీది జనమంతా వినేలా.

ఆయన బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. "నువ్వు బోనం దించినంకనే లేప్త. నాకేం తొందర లేదు బిడ్డా," అని ఆకాశం వైపు గడ్డం ఎత్తాడు. "మొగులుకే తొందరుంది."

సమర్పించకుండా బోనం కింద పెట్టకూడదు. సమర్పిద్దామంటే మత్తడి దూకలేదు. ఈ చిక్కు ఇంటి దగ్గర నాకు తట్టలేదు. ఎండెక్కింది. నెత్తిన కుండ నిమిషానికోసారి పెరుగుతున్నట్టుంది. మంచి మాటలు విని మనసు మార్చుకున్నానని రాసుకుంటే బాగుండేది. నిజానికి మనసు కాదు, మెడ మారింది. మైసమ్మ దగ్గరికి నడిచి, లెంపలేసుకుని బోనం సమర్పించాను. వెనక చక్రం తిరిగిన చప్పుడు, ఆపైన కాలువలోకి నీళ్లురికిన హోరు.

"మత్తడి దుంకకముందే మొక్కు చెల్లిచ్చినవ్ అక్కా. ఇగ దుంకిచ్చుడు మైసమ్మ వంతు," అని నవ్వింది తోటికోడలు.

మర్నాడు ఎండ ఫెళ్లున కాసింది. దేవుడి ముందు కూర్చుని ఏం కోరుకుంటున్నానా అని చూసుకుంటే, వాన రావద్దని! ఏడాదంతా చెరువు నిండాలని మొక్కినదాన్ని, నా మాట నెగ్గాలని వాననే వద్దంటున్నాను. మన కోరికలన్నీ ఆయన వినడు. ఆ దయకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మూడో నాడు వాన పట్టుకుంది. రెండు రోజులు తెరిపివ్వలేదు. నీరటి కట్ట దిగలేదు. సాయంత్రానికి వాన తగ్గుముఖం పడుతుందని ఇంజనీరమ్మ ఫోన్ చేయగానే, ఆఖరి వరద వృథా కాకుండా తూము మూసేశాడు. తెల్లారి నీళ్లు మత్తడి మీంచి నెమ్మదిగా దూకాయి. కట్టకు చిన్న గండి కూడా పడలేదు. ఊరంతా పసుపు కుంకుమలతో కట్ట మీదే ఉంది, ఆయన తప్ప. తడిసి తడిసి జ్వరమొచ్చి మెదక్ దవాఖానలో పడుకున్నాడు.

జావ కాచి తీసుకెళ్లాను. తప్పు ఒప్పుకోవాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. నోరు తెరవనిస్తేగా!

"నేను చూడలే బిడ్డా. ఎట్ల దుంకిందో జర చెప్పు."

చెప్పాను. ఎంత వెడల్పున దూకిందో రెండు చేతులూ చాపి చూపించబోతే పక్క మంచం ఆయన గ్లాసు కింద పడింది. నీరటి కళ్లు మూసుకుని విన్నాడు. "ఇగ నారు పోసుకోండ్రి," అన్నాడు.

ఈ యాసంగి మా పొలం పచ్చగా ఉంది. చదివేవాళ్లలో దీపం పెట్టే అలవాటున్నవాళ్లు ఒక్క సాయంత్రం ఆయన్ని తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. వానలో తూము దగ్గర నిలబడ్డ మనిషి అంటే చాలు, దేవుడికి తెలుస్తుంది.