డాక్టరుగారి నాలుగు నిమిషాలు

మా పక్కింటి డాక్టరుగారు పోయారు. ఆ కబురు నాకు ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో అందింది. పొద్దున ఆయన గదిలో కిటికీ తెర తీసి, వాళ్ళావిడ పిన్నిగారికి కాఫీ కలిపి ఇచ్చి బయల్దేరాను. కారు ఆపి చూసేసరికి ఫోన్ నిండా మెసేజ్‌లు. పిన్నిగారు చేసిన కాల్ ఒకటి మిస్సయింది. మిగతావన్నీ వాట్సాప్ గ్రూప్‌వి. డాక్టరుగారి మేనల్లుడు దగ్గర్లోని కాపెల్‌లో ఉంటాడు, మా తెలుగు సంఘంలో పెద్ద తలకాయ. అప్పటికే ఫొటో పెట్టి, ‘చివరి క్షణం వరకు వ్యాధితో వీరోచితంగా పోరాడారు’ అని రాసేశాడు. దాని కింద వరసగా దండాలు, పువ్వులు. ఆ పువ్వుల కిందే ఎవరో పాత సోఫా అమ్మకానికి పెట్టారు.

పోరాడారట! ఒళ్ళు మండింది నాకు. జబ్బుతో ఆయనకి ఎప్పుడో రాజీ కుదిరింది. ఆయన పోరాడిందల్లా మాతోనే, ఒక్క మాట పూర్తిగా చెప్పనివ్వండర్రా అని. ఆ సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

గుంటూరులో చదివి, ఇంగ్లండులో ఛాతీ ఆసుపత్రిలో కొన్నేళ్ళు పనిచేసి, తరవాత టెక్సాస్ వచ్చి స్థిరపడ్డ తరం ఆయనది. మేము ప్లేనోలో ఇల్లు కొనుక్కునేసరికే రిటైరయ్యారు. నాకు శుక్రవారాలు ఇంటి నుంచే పని. ఒక శుక్రవారం పిన్నిగారి గిన్నె తిరిగి ఇద్దామని వెళ్తే, హాల్లో కంప్యూటర్ ముందు ఈయన ముందుకు వంగి కూర్చున్నారు. తెర మీద ఎర్రటి బెంచీలు, వాటి మీద తల నెరిసిన పెద్దవాళ్ళు, ఒకావిడ నిలబడి నిదానంగా ఏదో చెబుతోంది. ఇదేం సీరియలండీ అని అడిగాను.

“సీరియలే అమ్మాయ్. వందల ఏళ్ళుగా నడుస్తోంది, ఇంకా ముగింపు రాలేదు” అన్నారు.

అది బ్రిటన్ పార్లమెంటులో పైసభ. లార్డుల సభ. ఆదివారం సాయంత్రాలు మా స్నేహితులు కొందరు టీవీలో కిందిసభ ప్రధానమంత్రిని ప్రశ్నలడిగే తమాషా చూసి పడీపడీ నవ్వుకునేవాళ్ళు. దాన్ని ఆయన కోడిపందెం అని తీసిపారేసేవారు. పైసభలో నర్సుగా పనిచేసినావిడ ఆసుపత్రుల గురించి మాట్లాడుతుంది, జడ్జీగా చేసినాయన జైళ్ళ గురించి మాట్లాడతాడు, ఏ పార్టీకీ చెందనివాళ్ళు విడిగా అడ్డబెంచీల మీద కూర్చుంటారు, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వింటారు, అదీ ఆయన మెచ్చుకోలు. నేను ఊరుకుంటానా? ఓటు వేసి ఎవరూ ఎన్నుకోని మనుషులు, మనల్ని ఏలిన బాపతు, వాళ్ళని చూసి మురిసిపోవడం ఏమిటండీ అని దులిపేశాను. ఆయన చివరిదాకా విన్నారు. విని, నువ్వన్నది నిజమే, తమ సభని ఎత్తేయాలని వాళ్ళలోనే కొందరు వాదిస్తుంటారు, పక్కవాళ్ళు దాన్ని కూడా కూర్చుని వింటారు, నాకు కావలసింది ఆ వినడమే అన్నారు. అలా ఒప్పుకుంటూనే మన నోరు కట్టేసే మనిషితో ఇంకేం పోట్లాడతాం?

ఇంగ్లండులో ఉండగా ఒక సెలవురోజు వానకి తడవకుండా ఆ భవనంలోకి దూరారట. కిందిసభ చూడ్డానికి బారెడు క్యూ ఉందని పైసభ గ్యాలరీ ఎక్కారు. కింద క్షయ ఆసుపత్రుల మీద చర్చ నడుస్తోంది. తను రోజూ చేసే పని గురించి ఎవరో పెద్దమనిషి కింద నిలబడి అంత శ్రద్ధగా మాట్లాడుతుంటే కళ్ళు చెమర్చాయని చెప్పారు. ఆ దేశంలో అప్పటిదాకా ఎవరూ ఆయన్ని పేరు పెట్టి సరిగ్గా పిలిచింది కూడా లేదు.

ఆ సభలో ఓటు వేసేటప్పుడు అవును, కాదు అనరు. ‘కంటెంట్’ అంటారు, ‘నాట్ కంటెంట్’ అంటారు. ఈయన అది ఇంట్లోకి తెచ్చుకున్నారు. పప్పులో ఉప్పు సరిపోతే కంటెంట్. కాఫీ చల్లారితే నాట్ కంటెంట్. మొదట్లో పిన్నిగారు విసుక్కునేవారు, తరవాత ఆవిడే వడ్డించి, గరిటె పట్టుకుని, ఏమిటి మీ ఓటు అని అడిగేవారు.

వినడంతో ఊరుకునే మనిషి కూడా కాదు. కీళ్ళనొప్పులవాళ్ళు మధ్యలో కూర్చోడానికి మా ఇళ్ళ వెనక నడకదారిలో ఒక్క బెంచీ లేదని, సిటీ మీటింగ్‌కి నన్ను డ్రైవ్ చేయమని మరీ వెళ్ళారు. అక్కడ మామూలు జనానికి కూడా మైకు ముందు కాస్త టైమిస్తారు. ఈయన చెప్పింది చెప్పి కూర్చున్నారు. పని కాలేదు. మళ్ళీ వెళ్ళారు. నాకు ఓపిక పోయి, అడగడం తప్ప మనం చేయగలిగేదేముంది అన్నాను.

“పైసభకి కూడా చట్టాన్ని ఆపే అధికారం లేదమ్మాయ్. మళ్ళీ ఒకసారి ఆలోచించండి అని వెనక్కి పంపే అధికారమే ఉంది. ఇంట్లో పెద్దవాడికి మాత్రం అంతకంటే ఏముంటుంది?”

బెంచీ వచ్చింది. దాని మీద కూర్చునే ఆయన తన జబ్బు సంగతి నాకు చెప్పారు. ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడిపోయే జబ్బు. ఎంతోమందికి ఆయనే చూసిన జబ్బు, అందుకే దాని దారి ఆయనకి బాగా తెలుసు. ఒకరోజు ఊపిరి అందదు, ఆసుపత్రికి తీసుకెళ్తారు, గొంతులో గొట్టం వేస్తారు, ఆ గొట్టం మళ్ళీ తీయడం ఉండదు. తనకి అది వద్దు. ఇంట్లో, కిటికీ పక్కన, పిన్నిగారి ఎదుట పోవాలి. అంతే ఆయన కోరిక. అడిగింది చాలా చిన్నదే.

కాని మనవాళ్ళ దగ్గర ఆ మాట ఎత్తి చూడండి! ఎత్తగానే పిన్నిగారు తథాస్తు దేవతలుంటారని చెవులు మూసుకునేవారు. మేనల్లుడు శుభమా అని ఇప్పుడీ మాటలెందుకు మామయ్యా అని భుజం తట్టి, ఇండియా క్రికెట్ స్కోరు చెప్పేవాడు. షికాగోలో ఉన్న కూతురు ఫోన్‌లో తరవాత మాట్లాడదాం నాన్నా అనేది. అందరికీ ఆయనంటే ప్రాణం, ఆ ప్రేమతోనే నోరు నొక్కేశారు. గొట్టం వద్దని కాగితాల మీద రాసి సంతకం పెట్టారు కదండీ, ఇంక దిగులెందుకు అని నేనంటే, కాగితం నా తరఫున లేచి మాట్లాడదమ్మా, మనుషులు మాట్లాడాలి అన్నారు.

2014 వేసవిలో ఆ పైసభలో మరణం మీదే బిల్లు వచ్చింది. నయం కాని జబ్బుతో చివరి నెలల్లో ఉన్నవాళ్ళు కోరుకుంటే, డాక్టరు సాయంతో ప్రాణం విడవొచ్చా అని. వంద మందికి పైగా మాట్లాడారు. ఇక్కడ తెల్లవారకముందే మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. అదీ శుక్రవారమే. ఆఫీస్ కాల్స్ మధ్య నేను వెళ్ళి చూస్తూనే ఉన్నాను. మనిషికి నాలుగు నిమిషాలు చొప్పున పెట్టుకున్నారు. ఒక డాక్టరు లేచి కావాలంటాడు, ఇంకో డాక్టరు లేచి వద్దంటాడు. తల్లి చావు గురించి చెప్పినవాళ్ళున్నారు. డాక్టరుగారు ఆ బిల్లుకి పూర్తిగా వ్యతిరేకం. ప్రాణం తీయడం డాక్టరు పని కాదు, పోయేదాన్ని పట్టి లాగడమూ డాక్టరు పని కాదు అనేవారు. అయినా రెండు వైపులవాళ్ళనీ కదలకుండా విన్నారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, చేతిలో చల్లారిపోయిన కాఫీ. పిన్నిగారు మాత్రం ఆ హాల్లోకి అడుగు పెట్టలేదు.

ఆ తరవాత ఒక ఆదివారం కూతుర్ని రప్పించి, మేనల్లుణ్ణి పిలిచి, భోజనాలయ్యాక అందర్నీ టేబుల్ దగ్గరే కూర్చోబెట్టారు. ఏ పక్షానికీ చెందనిదాన్నని నాది అడ్డబెంచీ. పిన్నిగారు ఇడ్లీలకి పెట్టుకునే టైమరు ఆయన మధ్యలో పెట్టి, మనిషికి నాలుగు నిమిషాలు, ఎవరూ అడ్డుపడకూడదు, ముందు నేను మాట్లాడతాను అన్నారు.

“నాకు ఊపిరి ఆగిపోయే రోజు వచ్చినప్పుడు...” అని మొదలుపెట్టారు. అంతే. “అబ్బ, మామయ్యా, సండే పూట ఆ టాపిక్ ఎందుకు చెప్పు” అని మేనల్లుడు అందుకున్నాడు. హ్యూస్టన్‌లో ఎవరో స్పెషలిస్టు ఉన్నాడట, ఏదో కొత్త ట్రీట్‌మెంట్ వచ్చిందట, ఎవరికో ఊపిరితిత్తులు మార్చారట. ఆపితేగా! టైమరు గణగణా మోగింది. డాక్టరుగారి నాలుగు నిమిషాలూ అతగాడే తినేశాడు. పైగా ఇప్పుడు నా టర్న్ కదా అని మళ్ళీ మొదలుపెట్టాడు.

తరవాత కూతురు, తనకొచ్చిన తెలుగులో, “నాన్నా, నాకు సరిగా చెప్పటం రాదు. నువ్వు ఫోన్‌లో చెప్పింది నేను విన్నా. నాకు ఇష్టం లేదు. కాని విన్నా” అని ఏడ్చేసింది. ఆ టేబుల్ మీద చర్చ అనదగ్గది అదొక్కటే. నా వంతు వచ్చేసరికి నాకు కోపం నషాళానికెక్కి ఉంది. నాలుగు నిమిషాలూ మేనల్లుణ్ణి కడిగేశాను. డాక్టరుగారు నవ్వి, అది విషయం మీద ప్రసంగం కాదు అమ్మాయ్, కోపం మాట పూర్తయ్యాక రావాలి, మధ్యలో కాదు అన్నారు.

ఇక మిగిలింది పిన్నిగారు. ఆయన టైమరు తిప్పి ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ లేచి, కాఫీ పెడతాను అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఖాళీ కుర్చీ ముందు టైమరు తిరుగుతూనే ఉంది. నేను ఆపబోతే ఆయన చెయ్యి అడ్డుపెట్టారు.

“అది ఆవిడది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడుకుంటుంది” అన్నారు.

ఆ చలికాలంలోనే ఆ రోజు వచ్చింది. ఆసుపత్రిలో మాస్కు కింద ఆయన ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మాట్లాడే స్థితిలో లేరు. గొట్టం వేయమంటారా అని డ్యూటీ డాక్టరు పిన్నిగారిని అడిగింది. ఆవిడ నోరు తెరిచేలోపే మేనల్లుడు “డూ ఎవ్రీథింగ్” అన్నాడు. ఇంకో మాట, ఇంకో మాట, ఆగడే. నేను అతని మీదికి లేవబోయాను. పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు.

“నువ్వు కూర్చో నాయనా. ఆ రోజు ఆయన టైమంతా నువ్వే మాట్లాడావు. నాది మాత్రం అలాగే ఉంది” అన్నారు. గొంతు పెద్దది చేయలేదు. “చెవులు మూసుకున్నాను, కాఫీ వంకతో లోపలికి పోయాను, కాని ఇన్నాళ్ళూ ఆయన అన్నవన్నీ విన్నాను. గొట్టం వద్దన్నారు. కిటికీ పక్కన ఉంటానన్నారు. నాకు ఆయన కావాలి. మీ అందరికంటే ఎక్కువ కావాలి. అయినా ఇంటికి తీసుకెళ్తాను.”

“అత్తయ్యా, రేపు నలుగురూ ఏమంటారు?”

“నలుగురి సంగతి వదిలేయ్. ఆయన ఏమన్నారో అది చెప్పు.”

ఎలా చెబుతాడు, వింటేగా! పిన్నిగారు డ్యూటీ డాక్టరు వైపు తిరిగి ఇంగ్లీషులో నిదానంగా, తడబడకుండా అదే చెప్పారు.

చివరి రోజుల్లో ఇంటికొచ్చి చూసుకునే హాస్పిస్ నర్సులు సాయం చేస్తే ఇంటికి తెచ్చుకున్నాం. కూతురు వచ్చేసింది. కిటికీ పక్కన మంచం వేశాం, అక్కణ్ణుంచి నడకదారి, ఆయన బెంచీ కనిపిస్తాయి. మందుతో ఆయాసం కాస్త నెమ్మదించాక, పిన్నిగారు చెంచాతో మజ్జిగ తాగించి, ఏమిటండీ మీ ఓటు అని అడిగారు. పెదవులు కదిలాయి. మాట పైకి రాలేదు కాని, ఏమన్నారో మాకందరికీ తెలుసు. తరవాతి వారమే పోయారు. ఆయన పొద్దంతా కూర్చుని విన్న ఆ బిల్లు కూడా టైము చాలక అలాగే మూలపడిందని ఆ తరవాత తెలిసింది.

సంఘంవాళ్ళు సంతాప సభ పెట్టారు. ఫొటోల స్లైడ్ షో. ఒక్కొక్కరూ మైకు పట్టుకుని, డాక్టరుగారు తమని ఎంత మెచ్చుకునేవారో చెప్పుకున్నారు. వీరోచిత పోరాటం మళ్ళీ వచ్చింది, రెండుసార్లు. నిమిషం మౌనం అన్నారు. మధ్యలో భోజనాల ట్రేలు వచ్చాయని తలుపు దగ్గర గోల, సగంలోనే థాంక్యూ థాంక్యూ అని కూర్చోబెట్టేశారు. పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆ మనిషి పోయాక కూడా ఒక్క నిమిషం పూర్తిగా ఇవ్వలేరా వీళ్ళు?

ఇప్పుడు అత్తయ్య రెండు ముక్కలు మాట్లాడతారు అని మేనల్లుడు మైకు అందించబోయాడు. ఆవిడ అందుకోలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇడ్లీ టైమరు తీసి, తిప్పి, ఆయన ఫొటో ముందు పెట్టారు.

“ఆయన మాట ఒకటి మధ్యలో ఆగిపోయింది. ఈ నాలుగు నిమిషాలు ఆయనవి. ఎవరూ అడ్డుపడకండి” అన్నారు.

ఆవిడ నిలబడే ఉన్నారు. నవ్విన ఒకరిద్దరు ఆపేశారు. తలుపు దగ్గర ట్రేలు పట్టుకున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే నిలబడిపోయారు. అంత పెద్ద హాల్లో టైమరు టిక్కుటిక్కుమంటోంది. మేనల్లుడు మైకు ఎత్తబోయాడు, ఆవిడ వంక చూశాడు, కూర్చుని, మైకు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు. టైమరు ఇంకా తిరుగుతోంది.