కుక్కర్ విజిల్ పడిన పాఠం

పోయిన నెల చివ్వెంలలో మా అక్కను చూసి వద్దామని సూర్యాపేట బస్టాండులో కూర్చుని ఉంటే, బస్సుల టైములు చూపించే టీవీ ఒక్కసారిగా ఆరిపోయి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చీమల బారులాగా కింది నుంచి పైకి పాకడం మొదలుపెట్టాయి. జనమంతా గొణుగుతున్నారు. "ఇగ ఈ డబ్బా ఖతం, పోయి డ్రైవర్నే అడుగుండ్రి" అన్నాడు పక్కన కూర్చున్న పెద్దాయన. నేను మాత్రం సంచీ అక్కడే వదిలేసి ఆ టీవీ కిందికి పోయి తల ఎత్తి నిలబడ్డాను. నాకు చదువు రాదు, సంతకం పెడతాను, బస్సు బోర్డు పోల్చుకుంటాను, అంతే. కానీ ఆ తెల్ల అక్షరాలు నాకు తెలుసు. మా ఆయన కంప్యూటరు ల్యాబులో పొద్దున్నే ఒక్కొక్క డబ్బా మీట నొక్కుతూ పోతుంటే, వెనక వెనక అన్నిటిలోనూ అవే పాకేవి.

ఆ రోజు ఇంటికి వచ్చి ఆయన గొంతు ఒకసారి తలుచుకుందామని కళ్ళు మూసుకున్నాను. రాలేదు. మనిషి కనబడుతున్నాడు, చొక్కా జేబుకు అంటిన సిరా మరక కూడా కనబడుతోంది, నోరు కదులుతోంది, మాట మాత్రం వినబడటం లేదు. నాలాగా మనిషిని పోగొట్టుకున్న నా ఈడు ఆడవాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు. ఫోటోకు దండ వేసుకుంటాం, గొంతుకు ఏం వేసుకుంటాం? ఆయనది బటన్ ఫోను, అదీ దవాఖానలోనే పోయింది.

మా ఆయన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ళ కాలేజీల్లోనూ కంప్యూటర్లు నేర్పేవాడు. ఒక్కడే సారు, మూడు ల్యాబులు, మధ్యలో బస్సులు. కాలేజీల్లో ఉన్నవన్నీ పాత డబ్బాలు, కొత్త సాఫ్టువేరు వేస్తే కదలవు. అందుకని ఆయన లినక్స్ అని ఊరికే దొరికేదాన్ని తెచ్చి వేసేవాడు. ముసలి ఎద్దు మీద బరువు తగ్గిస్తే నడుస్తుందని ఆయన లెక్క. మిర్యాలగూడలో ల్యాబు పక్కనే రైసుమిల్లు, ఊక దుమ్మంతా ఆ డబ్బాల్లోనే చేరేది, ఊది ఊది సాయంత్రానికి ఆయన మీసాలు కూడా తెల్లబడేవి. ఊరికే వచ్చింది తెచ్చి వేస్తాడని తోటి సార్లు ఆయనను ఫుకట్ సారు అనేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు, నాకే కడుపు మండేది.

అడిగిన ప్రతి పిల్లకూ, పిల్లగాడికీ అది సీడీలో ఎక్కించి ఇచ్చేవాడు. ఎందుకయ్యా అందరికీ పంచుతావు, నీకంటూ ఏం మిగులుతుందని ఒకసారి గట్టిగానే అడిగాను. ఆయన వంటింట్లోకి వచ్చి పెరుగు గురిగి చూపించాడు. "పక్కింటామెకు పాలల్ల తోడెయ్య చేమిరి ఇస్తవు గదా, నీ పెరుగు తగ్గిందా? రేపు మనది ఇరిగిపోతే ఆమె ఇంటికే పోతవు. ఇదీ గంతే." నాకు అర్థమయ్యేట్టు ఇంకెవరూ ఎప్పుడూ ఏదీ చెప్పలేదు.

ఆయన కోదాడలో ఉన్న రోజు సూర్యాపేట పిల్లలకు సారు ఉండడు. ఇంగ్లీషు పుస్తకం చూస్తే ఊళ్ళ నుంచి వచ్చిన ఆ పిల్లలకు ఏడుపొచ్చేది. అందుకని ఆయన పాఠాలన్నీ తెలుగులో తన గొంతుతో చదివి, రికార్డు చేసి, ప్రతి ల్యాబులోనూ ప్రతి డబ్బాలోనూ పెట్టాడు. హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని పిల్లలు వినేవాళ్ళు, సారు పక్కన నిలబడి చెప్పినట్టే ఉండేదట. కాలేజీ వాళ్ళ పాత డబ్బా ఒకటి ఇంటికి తెచ్చి, ఆదివారం మధ్యాహ్నం తలుపులన్నీ మూసి చదివేవాడు. ఫ్యాను కట్టెయ్యాలి, నేను గిన్నె కదపకూడదు. కానీ కుక్కర్ నా మాట వింటుందా? మంచి పాఠం నడుస్తుండగా విజిల్ కొట్టింది. వెనకనే నేను అలవాటు కొద్దీ "లేయయ్యా, అన్నం సల్లారిపోతది" అని కేక వేశాను. ఆయన ఆగి, పకపకా నవ్వి, మళ్ళీ పాఠం అందుకున్నాడు. అది తుడిచెయ్యమంటే వినలేదు. "ఉండనియ్యి, నిద్రపోయే పిల్లలు లేస్తరు" అన్నాడు. ఆయన పోయాక కాలేజీ వాళ్ళు వచ్చి ఇంట్లో డబ్బా తీసుకుపోయారు. వాళ్ళదే మరి, ఏమంటాను.

బస్టాండు నుంచి వచ్చినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఆ నవ్వు ఎక్కడో ఒక డబ్బాలో ఉంది. ఒక్కసారి వింటే చాలు, తరువాత నా చెవులు పోయినా సరే అనుకున్నాను.

మొదట సూర్యాపేట కాలేజీకే పోయాను. ల్యాబు అద్దంలా ఉంది, ఏసీ ఉంది, చెప్పులు బయట విడవమన్నారు. అక్కడి సారు చాలా చిన్నవాడు. "ఆ పాతవా అమ్మా? ఎప్పుడో ఫార్మాట్ కొట్టి పాత సామానుకు ఏసిన్రు" అన్నాడు. ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచెయ్యడమని మా ఆయన దగ్గర విని ఉన్నాను కనుక మళ్ళీ అడగలేదు. నాకు తెలియకుండానే ఆ పిల్లవాడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నానని, అతడు మెల్లగా విడిపించుకున్నప్పుడు తెలిసింది.

కోదాడలో కాలేజీయే లేదు. ఆ బిల్డింగులో ఎరువుల బస్తాలు పెట్టారు, మెట్ల దాకా యూరియా వాసన. "ఇంకెక్కడి ల్యాబు పెద్దమ్మా, కాలేజీ మూసేశారు గదా" అన్నాడు కాపలా ఆయన. నా ముఖం చూసి తాళం తీసి లోపలికి కూడా తీసుకుపోయాడు పాపం. గోడకు వైర్లు వేలాడుతున్న గొట్టాలు మాత్రం ఉన్నాయి. ఆ బస్తాల మధ్య నిలబడి, ఎవరూ లేరు కదా అని, ఏమయ్యా అని పిలిచాను. పిచ్చిదాన్ననే అనుకోండి.

ఇక మిర్యాలగూడ. బస్సులో కూర్చున్నంతసేపూ చేమిరి మాటే పట్టుకుని ఉన్నాను. మనది విరిగిపోయింది, ఇచ్చినవాళ్ళ ఇంట్లో ఉంటుంది, ఉండాలి. అక్కడ ల్యాబు చూసుకునేది ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. నేను ఎవరినో చెప్పగానే ఒంగి కాళ్ళకు దండం పెట్టింది. "సార్ పాఠాలా అమ్మా? గవి లేకుంటే నా క్లాసే నడవది" అంది. స్టూలు లాక్కుని కూర్చున్నాను. చెవులకు తగిలించింది. కళ్ళు మూసుకున్నాను.

మాటలు ఆయనవే. ముసలి ఎద్దు ఉంది. తొందరపడి మీట నొక్కొద్దు, అది ఆలోచిస్తోంది అన్న మాట ఉంది. గొంతు మాత్రం ఆ పిల్లది.

"సారు గొంతేది బిడ్డా?"

"కొత్త లినక్సుల చానా మారినయ్ అమ్మా, అందుకే నేను మళ్ల సదివి పెట్టిన. బాగు చేసి పది మందికియ్యుండ్రి అని సారే అంటుండె గదా. మారిన కాడ తప్ప సారు మాట ఒక్కటి మార్చలే. పాతవి తీసేసిన. వాటిల్ల ఇంటి సప్పుళ్ళు ఉంటుండె, కుక్కర్ మోగుతది, ఎవరో ఆమె మధ్యల అరుస్తది, పిల్లలు ఒకటే నవ్వు."

"ఆ అరిచినామెను నేనే, బిడ్డా."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరువాత బీరువాలు గుంజింది, బూజు పట్టిన సీడీలు వేసి చూసింది, తనతో చదివిన వాళ్ళందరికీ ఫోన్లు చేసింది. వాళ్ళ దగ్గర ఉన్నదీ ఈ పిల్ల చదివి పంపిందే. బాగుందని అందరూ పాతది తీసి కొత్తది పెట్టుకున్నారట. ఎవరిని తిట్టను? ఆయన చెప్పినట్టే చేశారు. అయినా తిట్టాను. ఆ పిల్లను కాదు, ఆయనను. ఊరికే పంచిపెట్టాడు, పంచిన చోటల్లా బతికాడు, నాకు మాత్రం చారెడు మిగల్చలేదు.

ఇప్పుడు అందరి ఫోన్లలోనూ గొంతులే. మా మనవరాలు తుమ్మినా దగ్గినా మా బిడ్డ పట్టి దాచుకుంటుంది. మన కాలంలో మనిషి మాట్లాడుతున్నంతసేపే గొంతు. అది కూడా వంట మీద ధ్యాస పెట్టి సగమే విన్నాం.

మిర్యాలగూడ పిల్ల ఇచ్చిన పాఠాలు మా బిడ్డ తన ఫోనులో ఎక్కించింది. మధ్యాహ్నం వంట చేస్తూ పెట్టించుకుంటాను. అర్థం కాదు, అయినా వింటాను. ఆ పాఠం వచ్చేసరికి పొయ్యి మీద నా కుక్కర్ విజిల్ కొడుతుంది. నా చెయ్యి గరిటె మీదే ఆగిపోతుంది, ఆయన నవ్వు కోసం చూస్తాను. ఆ పిల్ల ఆగదు, చెప్పుకుంటూ పోతుంది.